రామాంజినమ్మ కూర్చున్న రోజు

ఆ శనివారం ఉదయం సందీప్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రామాంజినమ్మను ఒక కుర్చీలో కూర్చోబెట్టాలి. సాయంత్రం ఐదు గంటల వరకు లేవనివ్వకూడదు. ఆ తరువాత యజమాని చేత ఒక సంతకం పెట్టించాలి.

బుక్కరాయసముద్రం దాటాక రోడ్డు పక్కనే ఉన్న వేరుశనగ విత్తనాల మిల్లులో సందీప్ మేనేజరు. పనివాళ్ల హాజరు, జీతాలు, కాగితాలు అతను చూస్తాడు. యాడికి అనే ఊరి నుంచి వచ్చి ఆరు నెలలైంది. రామాంజినమ్మ అదే మిల్లులో ఊడ్చే మనిషి. జీతాల పుస్తకంలో ఆమె పేరుకు ఎదురుగా ఆ రెండు మాటలే ఉన్నాయి. ఆ నెలాఖరుకు ఆమెకు యాభై ఎనిమిదేళ్లు నిండుతాయి. పదేళ్ల సర్వీసు ఉంటే పీఎఫ్ ఆఫీసు నుంచి నెలనెలా పింఛను వస్తుంది. లేకపోతే ఉన్నది ఒకేసారి చేతిలో పెట్టి పంపేస్తారు. ఆమె పనిచేసింది పదకొండేళ్లు. అయితే మొదటి మూడేళ్లు మిల్లుకు వేరే పేరు ఉండేది. పేరు మారినప్పుడు ఆ మూడేళ్లూ పాత కాగితాల్లోనే ఉండిపోయాయి. అప్పుడూ ఇప్పుడూ పనిచేసింది ఈమేనని యజమాని ఒక కాగితం మీద సంతకం పెడితే చాలు.

యజమాని జయచంద్ర చెడ్డవాడు కాదు. ఆ కాగితం అతని బల్ల మీద నాలుగు నెలలుగా ఉంది. అడిగినప్పుడల్లా ఒకే మాట చెప్పేవాడు.

"చూద్దాంలేప్పా. కసువు ఊడ్చే ఆమెకు పింఛనేంది? ఈమె పోతే మన్నాడు ఇంకొకామె వస్తాది, ఊడుస్తాది."

పోయిన వారం అనంతపురంలో యజమానుల కోసం ఒక రోజు శిక్షణ జరిగింది. ఉద్యోగ విరమణ, పింఛన్లు, పనివాళ్ల విలువ అన్నవి అందులో విషయాలు. జయచంద్ర తనకు తీరిక లేదని సందీప్‌ను పంపాడు. మధ్యాహ్నం భోజనం తరువాత అందరికీ ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. అందులో ఒకచోట ఇలా ఉంది: 'విరమణకు దగ్గరపడిన ఉద్యోగిని ఒక పనిదినం మొత్తం పనికి దూరంగా ఉంచండి. ఆ రోజు ఆగిపోయిన ప్రతి పనినీ, ఆ ఉద్యోగిని వెతుక్కుంటూ వచ్చిన ప్రతి మనిషినీ రాసి పెట్టండి. ఉద్యోగి విలువ మీకే తెలుస్తుంది.' సందీప్ ఆ వాక్యాల కింద రెండుసార్లు గీత గీశాడు.

ఉదయం ఏడున్నరకు రామాంజినమ్మ చీపురు తీసుకోబోతుంటే ఆఫీసులోకి పిలిచాడు. ముందుగా ఆ కాగితం చదివి వినిపించాడు.

"భర్త పేరు జయరాం. అంతే కదమ్మా?"

"అంతే."

"పోయినేడు పోయినాడు కదా. పేరు పక్కన ఆ మాట రాయల్ల."

"రాయి నాయనా. పేరు మాత్రం కొట్టెయ్యొద్దు."

అతను పేరు కొట్టెయ్యకుండా పక్కన చిన్న అక్షరాలతో రాశాడు. తరువాత అతను తన పథకం చెప్పాడు.

"ఈ పొద్దు నువ్వు గేటు కాడ, షెడ్డు నీడలో కూచోవల్లమ్మా. కుర్చీ వేసినా."

"కుర్చీ ఏంటికి? కింద కూచుంటాలే."

"కింద కూచుంటే కాయలు ఏరతా ఉంటావు. అందుకే కుర్చీ."

"కూచోని ఏం చేయల్ల?"

"ఏమీ చేయకూడదు."

రామాంజినమ్మ ఆలోచించింది. "అది నాకు రాదే," అంది.

"ఒక్క దినమే. ఎవురేం అడిగినా నోరు విప్పొద్దు. చెయ్యెత్తి ఆఫీసు దిక్కు చూపీ. వాళ్లు నా కాడికి వస్తారు, నేను రాసుకుంటా. ఐదు గంటల దాకా ఒక్క మాట గూడా మాట్లాడకూడదు. మాటిస్తావా?"

"శనివారం పూట మాటిచ్చినాక తప్పేది లే," అంది ఆమె. శనివారం ఆమెకు ఒక్కపొద్దు. పొద్దు మునిగాకే ఇంత తింటుంది. ఆ సంగతి సందీప్‌కు తెలియదు. అడగాలని అతనికి తోచలేదు, చెప్పాలని ఆమెకూ తోచలేదు.

ఎవరూ పొరపాటున ఆమెకు పని పురమాయించకుండా అతను ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఆమె వెనుక గోడకు అంటించాడు: 'ఈ రోజు ఈమెకు ఎవరూ పని చెప్పరాదు. ఇట్లు, యాజమాన్యం.' తరువాత ఆఫీసులోకి వెళ్లి కొత్త రిజిస్టరు తెరిచి కూర్చున్నాడు. ఆఫీసు కిటికీకి అడ్డంగా గోతాలు పేర్చి ఉండటం వల్ల అక్కడి నుంచి గేటు కనబడదు.

మొదటి గంట పథకం చక్కగా నడిచింది. ఎనిమిదికి మిషన్ నడిపే అతను వచ్చి, సన్న గింజలకు వేసే జల్లెడ ఎక్కడుందని అడిగాడు. ఎనిమిదీ పదికి వచ్చి తరాజు గది తాళంచెవి అడిగాడు. ఎనిమిదిన్నరకు ఫ్యాను కింద చోటు కోసం ఇద్దరు ఆడవాళ్లు తగాదాపడి తీర్పు కోసం వచ్చారు. "రామాంజినక్కను అడిగితే ఆఫీసు దిక్కు చూపిచ్చె," అని ప్రతి ఒక్కరూ అన్నారు. సందీప్ ఎవరికీ జవాబు చెప్పలేకపోయాడు గాని అన్నీ సంతోషంగా రాసుకున్నాడు. తొమ్మిదింటికి మోటారు ఆగిపోయింది. స్టార్టరును ఏ పక్క తడితే అందుకుంటుందో రామాంజినమ్మకే తెలుసునని మిషన్ అతను చెప్పాడు. సందీప్ అది ఎర్ర సిరాతో రాశాడు.

మోటారు ఆగింది కాబట్టి కాయలు కొట్టడం ఆగింది. కాయలు కొట్టకపోతే ఏరడానికి గింజలుండవు. ఏరే ఆడవాళ్లు ముప్పై ఒక్కమంది చేతులు దులుపుకుంటూ బయటికి వచ్చారు. గేటు దగ్గర రామాంజినమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ఒడిలో చేతులు పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ ఉంది. పదకొండేళ్లలో ఆమె మిల్లులో కూర్చోవడం వాళ్లెవరూ చూడలేదు.

ముందుగా దగ్గరికి వెళ్లింది ఎలిజబెత్. ఇద్దరూ ఒకే ఏడు పనిలో చేరినవాళ్లు.

"ఏమైందక్కా?"

రామాంజినమ్మ మాట్లాడలేదు. చెయ్యెత్తి ఆఫీసు వైపు చూపింది. ఎలిజబెత్ గోడ మీది కాగితం కూడబలుక్కుని చదివింది. ఈమెకు పని చెప్పకూడదట. ఆ ఊళ్లలో మనిషికి పని చెప్పకూడని సందర్భం ఒకటే ఉంది. ఇంట్లో చావు జరిగినప్పుడు. అప్పుడు ఎవరు పోయారని అడగరు, ఎలా పోయారని అడగరు. వెళ్లి పక్కన కూర్చుంటారు. పోయినేడు జయరాం పోయినప్పుడు ఎలిజబెత్ మూడు రోజులు అలాగే రామాంజినమ్మ ఇంటి అరుగు మీద కూర్చుంది. ఇప్పుడు కూడా ఏమీ అడగకుండా ఒక ఖాళీ గోతాం పరచుకుని కుర్చీ పక్కన కూర్చుంది. ఆమెను చూసి మిగతావాళ్లు వచ్చి కూర్చున్నారు. "ఎవురంట?" అని వెనుక వరుసలో ఒకామె గుసగుసగా అడిగింది. "తెల్దు. ఊరికే కూచో," అని పక్కామె చెప్పింది. ఇంతమంది వచ్చి మౌనంగా కూర్చోవడం చూసి రామాంజినమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూశాక ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

లోపల సందీప్ గడియారం చూసుకున్నాడు. తొమ్మిదిన్నర తరువాత ఒక్కరు కూడా రాలేదు. పది దాటింది, పదిన్నర దాటింది. రిజిస్టరులో పేజీ ఖాళీగా ఉంది. గంటన్నరలోనే ఆమె లేకుండా మిల్లు నడుపుకోవడం నేర్చుకున్నారా అని అతను భయపడ్డాడు. మిల్లులో ఏ శబ్దమూ లేదు. ఎర్ర సిరాతో రాసిన మోటారు సంగతి మరిచిపోయి, పని అంత సాఫీగా నడుస్తోందని అతను అనుకున్నాడు.

పదకొండింటికి తిప్పేష్ మోటారు సైకిలు మీద ఆ దారిన వెళ్తున్నాడు. అతను కూలీల సంఘం నాయకుడు. ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఎక్కడ ధర్నా జరిగినా అతను లేకుండా జరగలేదు. మిల్లు గేటు ముందు ముప్పైమంది ఆడవాళ్లు నేల మీద వరుసగా కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు కుర్చీలో ఒక ముసలామె. వెనుక గోడకు కాగితం. అతను బండి ఆపాడు. మొదట అతనికి కలిగింది కోపం కాదు, నొప్పి.

"ఏమమ్మా, ఒక్క మాట చెప్పకుండా మొదలుపెట్టినారే! నేను సచ్చిపోయినా అనుకున్నారా?"

చావు పలకరింపుకు వచ్చి ఇంత గట్టిగా మాట్లాడేవాడిని వాళ్లు ఎప్పుడూ చూడలేదు.

"ఎవుర్ని పట్టుకోవల్ల?" అని అతను రామాంజినమ్మను అడిగాడు. ఆమె చెయ్యెత్తి ఆఫీసు వైపు చూపింది. తిప్పేష్ కాగితం చదివాడు. ఈమెకు పని లేదని యాజమాన్యమే గోడకు అంటించిందంటే పనిలోంచి తీసేసినట్టే కదా. "టీ తాగినావామ్మా?" అన్నాడు. ఆమె లేదని తల ఊపింది. టీ తెప్పించాడు, ముట్టలేదు. అరటిపండు ఇచ్చాడు, పక్కన పెట్టింది. నీళ్లు మాత్రం తన సీసాలోవి రెండు గుక్కలు తాగింది.

"నీళ్లు తాగొచ్చు. నిరాహార దీక్షలో నీళ్లకు అభ్యంతరం లే," అని తిప్పేష్ అందరికీ వినబడేలా చెప్పాడు. అతని గొంతులో గౌరవం వచ్చి చేరింది. ఫోను తీసి షామియానా పంపమన్నాడు. అవతల షామియానా అతను ఎన్ని రోజులకని అడిగాడు. "ఆమె మొగం చూస్తాంటే పది దినాలకు తక్కువ లేదప్పా," అన్నాడు తిప్పేష్.

షామియానా వేస్తుండగా అతను మాట్లాడటానికి ఆఫీసులోకి వెళ్లాడు. ఎట్టకేలకు ఒక మనిషి వచ్చినందుకు సందీప్ లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

"యాజమాన్యం తరఫున నువ్వేనా?"

"ఔన్సార్. రామాంజినమ్మ పంపిచ్చిందా?"

"ఆమే చూపిచ్చింది. ఆమెను గేటు కాడికి పంపింది ఎవురు?"

"నేనే సార్. నేనే కూచోబెట్టినా. కుర్చీ గూడా నేనే వేసినా."

తిప్పేష్ కాసేపు అతని ముఖం చూశాడు.

"అన్నం తినకుండా?"

"తినలేదా? నేను చూడలే సార్. మాట్లాడొద్దని మాత్రం చెప్పినా."

"ఎన్ని దినాలు?"

"ఒక్క దినమే. ఐదింటికి అయిపోతాది. అంతకుముందు లేస్తే లెక్కలోకి రాదు."

ధర్నాకు కుర్చీ వేసి, మౌనం పెట్టి, ముగింపు సమయం కూడా నిర్ణయించిన యాజమాన్యాన్ని తిప్పేష్ తన ముప్పై ఏళ్లలో చూడలేదు. ఇందులో ఏదో పెద్ద కుట్ర ఉందని అతనికి అర్థమైంది. బయటికి వచ్చి పలక మీద 'దీక్ష: మొదటి రోజు' అని రాయించి రామాంజినమ్మ కాళ్ల దగ్గర పెట్టించాడు. ఆమె దాన్ని వంగి చూసింది. మాటిచ్చింది కాబట్టి ఏమీ అనలేదు.

సందీప్ అతని వెనకే బయటికి వచ్చాడు. షామియానా చూశాడు, సంఘం జెండా చూశాడు, ముప్పై ఒక్కమందిని చూశాడు. మళ్లీ లోపలికి వెళ్లి పుస్తకంలో ఆ పేజీ మొదటి నుంచి చివరి వరకు చదివాడు. ఇలాంటిది జరిగితే ఏం చేయాలో అందులో రాయలేదు.

జయచంద్రకు అనంతపురంలో కబురు అందింది. మొదటి ఫోనులో మిల్లు ఆగిందన్నారు. రెండో ఫోనులో ఊడ్చే ఆమె నిరాహార దీక్షకు కూర్చుందన్నారు. మూడో ఫోనులో ఆమె పడిపోయిందన్నారు. అతను వచ్చేసరికి రెండు దాటింది. కారు దిగి కుర్చీలో నిటారుగా కూర్చున్న రామాంజినమ్మను చూసి ముందు ఊపిరి పీల్చుకున్నాడు. తరువాత కోపం వచ్చింది.

"ఏందప్పా తిప్పేష్ ఇది? ఏం కావల్ల మీకు?"

తిప్పేష్ కాగితం తీసి డిమాండ్లు చదివాడు. పద్నాలుగు ఉన్నాయి. ఏరే షెడ్డులో ఇంకో రెండు ఫ్యాన్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, చల్లటి నీళ్లు, పండగ సెలవులు. చదవడం పూర్తయ్యాక జయచంద్ర అడిగాడు.

"ఇందులో ఈమెకు కావల్సింది యాడుండాది?"

తిప్పేష్ కాగితాన్ని మళ్లీ చూసుకున్నాడు. "ఆమెను అడగలేదన్నా. దీక్షలో ఉండాది కదా," అన్నాడు.

ఎలిజబెత్ లేచింది. "ఎవురు పోయినారో గూడా మేము అడగలేదు సామీ," అంది.

"పోయేదెవురు?"

ఎవరికీ తెలియదు. అప్పుడు సందీప్ రిజిస్టరు, పింఛను కాగితం పట్టుకుని ముందుకు వచ్చాడు. చేసింది తానేనని, ఎందుకు చేశానో కూడా చెప్పాడు. ఏదీ దాచలేదు. జయచంద్ర నిలబడే రిజిస్టరు చదివాడు. జల్లెడ. తాళంచెవి. తగాదా. స్టార్టరు. ఇంతలో ముదిగుబ్బ నుంచి కాయల ట్రాక్టరుతో పొద్దున్నే వచ్చి గేటు బయట నిలిచిన ఆదెన్న అనే రైతు అతని దగ్గరికి వచ్చాడు.

"సామీ, నా కాయలు ఎండినాయో లేదో చెప్పమను. పొద్దున్నుంచి నిలబడినా."

"లోపల తేమ చూసే మిషన్ ఉండాది కదప్పా."

"మిషన్ ఏం చెప్తాది? పిడికెడు తీసుకొని చెవు కాడ ఊపి ఆమె చెప్పల్ల. పోయినేడు మిషన్ సరే అనింది, ఆమె కాదనింది. ఎవురి మాట నిలిచిందో నీకు తెల్దా?"

జయచంద్రకు తెలుసు. ఆ సంవత్సరం పది గోతాలు బూజు పట్టాయి. అతను రిజిస్టరు మూసి చాలాసేపు రామాంజినమ్మను చూశాడు. సందీప్ పింఛను కాగితాన్ని మెల్లగా ముందుకు చాపాడు. శిక్షణ పుస్తకం చెప్పింది నిజమైంది. యజమానికి విలువ తెలిసింది.

"ఈ కాగితం మీద సంతకం పెడితే ఏమవుతాది?" అని జయచంద్ర అడిగాడు.

"నెలాఖరుకు ఈమెకు పింఛను మొదలైతాది సార్. విశ్రాంతిగా ఇంటికాడ ఉండొచ్చు."

"అట్లయితే పెట్టను."

సందీప్‌కు అర్థం కాలేదు.

"ఇంత పనిచేసే మనిషిని ఇంటికి పంపేదానికి నాకేమన్నా పిచ్చా? ఊడ్చే ఆమె అనుకోని నాలుగు నెల్లు పెట్టలేదు. ఇప్పుడు తెలిసినాక అసలే పెట్టను. యాభై ఎనిమిది ఏంది, డెబ్భై దాకా ఉండనీ. జీతం గూడా పెంచుతా."

తిప్పేష్ రెండు చేతులూ పైకెత్తాడు. "చూసినారా! తీసేసిన మనిషిని మళ్లీ పెట్టుకునేట్ల చేసినాం!" అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. దీక్ష విరమింపజేయడానికి నిమ్మరసం తెచ్చారు. రామాంజినమ్మ గ్లాసు తీసుకోలేదు. తిప్పేష్ బతిమాలాడు. జయచంద్ర కూడా బతిమాలాడు. ఆమె షెడ్డులోని గడియారం చూసింది. మూడు దాటి పది నిమిషాలు.

ఐదు వరకు ఆమె అలాగే కూర్చుంది. ఎవరూ ఇంటికి వెళ్లలేదు. జయచంద్ర కారు బానెట్‌కు ఆనుకుని నిలబడ్డాడు. ఆదెన్న ట్రాక్టరు నీడలో కూర్చున్నాడు. ఐదు కొట్టగానే రామాంజినమ్మ గొంతు సవరించుకుంది.

"సామీ, పదకొండేండ్లు నేను ఈడ పనిచేస్తి. ఎవురూ విలువైందాన్ని అనలే, పోతానంటే వద్దనేవాళ్లూ లేరు. ఈ పొద్దు విలువ తెలిసింది. ఈ పొద్దే తాళం ఏస్తాండావు."

"అట్ల కాదు పెద్దమ్మా..."

"నన్ను చెప్పనీ. ఆ పాత మూడేండ్లు మా ఆయన దినామూ సైకిలు మీద నన్ను ఈడ దింపి పోయినాడు. వానకు, ఎండకు. తరువాత ఆయనకు కాళ్లు పడిపోయినాయి. ఆ మూడేండ్లు కాగితంలో లేవంటాండారు. నాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కాలే. ఆ మూడేండ్లు నేను ఈడే ఉన్న్యానని నువ్వు రాసియ్యి. అంతే."

తిప్పేష్ జెండా కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"రాసిస్తే నువ్వు పోతావు కదా," అన్నాడు జయచంద్ర చివరికి.

"పోతానో ఉంటానో నెలాఖరుకు నేను చెప్తా. అది నేను చెప్పేది, నువ్వు చెప్పేది కాదు. రాసియ్యకుంటే సోమవారం గూడా ఈ కుర్చీలోనే కూచుంటా. కూచునేది రాదనుకున్నా. ఈ పొద్దు నేర్చుకున్న్యా."

ఈసారి అది పలకరింపు కాదని ఆడవాళ్లకు తెలిసింది. పొద్దున్నుంచి తాము కూర్చున్నది దేనికోసమో ఇప్పుడే అర్థమై, లేచి నిలబడినవాళ్లు కూడా మళ్లీ కూర్చున్నారు. జయచంద్ర వాళ్లను చూశాడు, ఆగిపోయిన మిల్లును చూశాడు. సందీప్ దగ్గర కలం తీసుకుని, కారు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. రామాంజినమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుని, జయరాం పేరు ఉన్నచోట వేలు పెట్టి చూసుకుని, మడిచి కొంగులో కట్టుకుంది. తరువాత కుర్చీలోంచి లేచి ట్రాక్టరు దగ్గరికి వెళ్లి, పిడికెడు కాయలు తీసి చెవి దగ్గర ఊపింది.

"ఇంకా రెండు దినాలు ఎండల్లప్పా," అంది. ఆదెన్న మారుమాట్లాడకుండా ట్రాక్టరు వెనక్కి తిప్పుకున్నాడు.

జయచంద్ర కలం మూత పెట్టబోతూ ఎందుకో గేటు వైపు చూశాడు. ఖాళీ అయిన కుర్చీలో ఎలిజబెత్ కూర్చుని ఉంది. ఆమెకూ పాత పేరులో మూడేళ్లున్నాయి. ఒడిలో చేతులు పెట్టుకుంది. "నీకేం కావల్లమ్మా?" అని అతను అడిగాడు. ఆమె ఏమీ మాట్లాడలేదు. చెయ్యెత్తి ఆఫీసు వైపు చూపింది. ఆమె వెనుక కుర్చీ కోసం అప్పటికే ఇంకా పదిమంది వరుసలో నిలబడి ఉన్నారు.

ఆ తరువాత ఆ మిల్లులో ఏ ఆడమనిషైనా పని ఆపి కాసేపు ఊరికే కూర్చుంటే, జయచంద్ర కారణం అడిగేవాడు కాదు. జేబులో కలం ఉందో లేదో చూసుకునేవాడు.